నొప్పి నటించే పిల్ల

మార్చి 3
నేను పనిచేసే ఆసుపత్రిలో మెడికల్ విద్యార్థుల క్లినికల్ పరీక్షకు ఉత్తుత్తి రోగులు కావాలి. పిల్లలు. హెడ్ మేడమ్ తన మనవణ్ణి తెస్తానంది మొన్న. ఇవాళ — వాడికి స్కూల్ పరీక్షలట. "మీ ఉధ్నా బస్తీలో తెలుగువాళ్ళ పిల్లలుంటారు కదా, ఒకరిని పట్టుకురా."
పట్టుకురా... కోడిపిల్లను తెమ్మన్నట్టు.

మార్చి 5
కింది గది లక్ష్మి వదిన కూతురు శ్రావణి. తొమ్మిదేళ్ళు. శ్రావణి ఎగిరి గంతేసింది. వదిన కూడా ఒప్పుకుంది. "నువ్వుంటవ్ గద చెల్లె, నాకేం ఫికర్."
ఆ మాట బరువుగా ఉంది. తలూపి వచ్చేశాను.

మార్చి 8
నేర్పాను. అపెండిసైటిస్ కేసు. పొట్ట కుడివైపు కింద నొక్కితే ముఖం చిట్లించాలి, చెయ్యి తీస్తే 'అమ్మా' అనాలి. అన్నం వద్దు, నిన్నటి నుంచి వాంతులు. ఒక్కసారికే పట్టేసింది.
"నిజంగనే నొస్తే ఏం జెయ్యాలె?"
వాళ్ళ భాషలో 'రోకో' అను, వెంటనే ఆపేస్తారు — అన్నాను. మేడమ్‌కూ చెప్పాను. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, "హా, హా."

మార్చి 12
పరీక్ష. ఒకరి తర్వాత ఒకరు, చల్లటి చేతులు. పిల్ల పేరు అడిగినవాళ్ళే తక్కువ. నేను తలుపు దగ్గర, విద్యార్థులను లోపలికి పంపే పని.
ఆ పొడుగు కుర్రాడు వేళ్ళు మొత్తం దింపి నొక్కుతున్నాడు. "రోకో" అంది శ్రావణి. మళ్ళీ అంది. పరీక్షకుడు నవ్వుతూ మార్కులు వేస్తున్నాడు — "వాహ్, క్యా యాక్టింగ్!"
లోపలికి వెళ్ళి కుర్రాడి మణికట్టు పట్టుకుని లాగేశాను.
బయటికి తీసుకొచ్చాక శ్రావణి ఏడుపు. నొప్పికి కాదు. "ఎందుకొచ్చినవక్కా? నేను మంచిగనే జేస్తున్న గద. సబ్ బిగాడ్ దియా, మొత్తం ఖరాబ్ జేసినవ్."

మార్చి 13
మేడమ్ గదిలో. కూర్చోమనలేదు. విద్యార్థి మీద చెయ్యి వేయడం నా తప్పేనట.
పిల్ల ఆపమంది మేడమ్, అన్నాను.
"నటన అనుకున్నారు."
నేను చెప్పేదీ అదే. వినలేదు. ఆ కుర్రాడికి అందరికంటే మంచి మార్కులు... జబ్బును సరిగ్గా పట్టుకున్నాడట. లేని జబ్బును.

మార్చి 14
వదినకు అంతా చెప్పాను. పిల్ల గౌను ఎత్తి పొట్ట చూసింది. ఎర్రగా కమిలింది ఒకచోట. "పోనీ తియ్. డాక్టర్లయ్యేటోళ్ళు, నేర్చుకోవద్దా మరి?"
తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 17
రెండో బ్యాచ్‌కు పిల్లల్ని తీసుకురానని చెప్పేశాను. మేడమ్ సరే అంది. అంత తేలిగ్గా. సాయంత్రానికి తెలిసింది — కోసాడ్ బస్తీ నుంచి ఓ ఆయా పిల్లల్ని తెస్తోంది.
నేను కాదంటే ఆగిందేమిటి?

మార్చి 18
శ్రావణి మెట్ల మీద. "మల్ల ఎప్పుడు పోదం?" ఇక పోము, అన్నాను. ముఖం తిప్పుకుంది.

మార్చి 21
స్కానింగ్ గది బయట బెంచీ మీద రాస్తున్నాను. శ్రావణిని లోపలికి తీసుకెళ్ళారు. వదిన గోడకు ఆనుకుని, కొంగు నోట్లో.
పొద్దున్నే వచ్చి తలుపు బాదింది. నిన్నటి నుంచి పిల్లకు కడుపునొప్పి. "నువ్వు నేర్పిందే జేస్తుందనుకున్న చెల్లె. రెండుసార్లు కసిరిన గూడ."
కసిరింది పిల్లని. నన్ను కాదు. ఇప్పటికీ నన్ను కాదు.
నేను వెళ్ళేసరికి చాప మీద ముడుచుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. చేతులు రుద్దుకుని, వెచ్చబడ్డాక పొట్ట మీద మెల్లగా పెట్టాను. ఎక్కడ నొస్తోందిరా, అన్నాను.
నా ముఖంలోకి చూసింది. తప్పు చెప్తానేమోనన్న భయం ఆ కళ్ళలో.
"ఏడ అని చెప్పాలె, అక్కా?"