గళ్ళ లంగా కింద పైజామా

అచ్చంపేట

ప్రియమైన మెర్సీ,

పక్క వీధిలో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా నిలబడితే నాకు మాట పెగలదు.

మన బడి పెట్టిన స్కాట్లాండు దొరసాని పేరున పండుగ మొదలైనప్పుడు ఒక ప్రార్థన, ఒక కేకు. ఇప్పుడు కిరాణా కొట్టుకు కూడా గళ్ళ తోరణాలే. మొదటి ఏటి నుంచీ స్కాట్లాండు మగవాళ్ళలా గళ్ళ లంగా కట్టి తోలుసంచి బాజా ఊదింది మా ఆయనే. నిన్న మీ పండుగ కమిటీవాళ్ళు వచ్చి, "అహ్మద్ అలీ, లంగా కింద గీ పైజామా ఏంది? అసలు స్కాట్లాండోళ్ళకు మోకాళ్ళు కనబడాలె. తీసేస్తెనే రా" అన్నారట. మా దీన్‌లో మగవాడైనా మోకాళ్ళు కప్పుకోవాలి. ఆ పైజామాలు కుట్టింది నేను. ఆయన బాజా మేకుకు తగిలించి, అన్నం ముట్టకుండా పడుకున్నాడు. ఎవరు పుట్టించారు ఈ మాట?

నీ ఖాతూన్


ప్రియమైన ఖాతూన్,

దాచను. ఆ మాట నాదే. పోయినేటి వీడియో చూసి మా అమ్మాయి స్నేహితులు "గిదేం వేషం ఆంటీ, లంగానా పైజామానా?" అని పడిపడి నవ్వారు. మన ఊరు నవ్వులపాలు కావద్దనుకున్నాను. ఈసారి హైదరాబాద్ బ్యాండు వస్తోంది, అచ్చం స్కాట్లాండు తీరు. అన్నకు సర్దిచెప్పు. నువ్వు మెత్తనిదానివి, అర్థం చేసుకుంటావు.

ప్రభువు ప్రేమలో,
మెర్సీ


మెర్సీ,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. మెత్తనిదాన్నని తొక్కుతారా? చర్చిలో తల మీద కొంగు లేకుండా ఒక్కనాడైనా ప్రార్థించావా? స్కాట్లాండు ఆడవాళ్ళు కప్పుకోరు, నువ్వూ తీసెయ్యి అంటే తీస్తావా? నీ కొంగు భక్తి, మా పైజామా వేషమా? పండుగనాడు ఆ మోత వినలేను. షాద్‌నగర్‌లో చెల్లెలు హఫ్సా ఇంటికి పోతున్నాను.

ఖాతూన్


ప్రియమైన ఖాతూన్,

చింపకుండా చదువు. హైదరాబాద్ పిల్లలు బాగానే ఊదారు. మధ్యాహ్నం బంతి వేశాం. మన భోజనాలు నేల మీదే కదా, ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ పొట్టి లంగాలతో కూర్చోలేక విస్తళ్ళ ముందు నిలబడ్డారు. ఒకడు కూర్చోబోయి దిగ్గున లేచాడు. ఆడవాళ్ళం కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

బడి గేటు బయట నిలబడి వింటున్న మీ ఆయన ఇంటికి పోయి మూటతో వచ్చాడు. "తొడుక్కోండ్రి బిడ్డా, బువ్వ సల్లారుతాంది."

అవి నువ్వు కుట్టిన పైజామాలే. సాయంత్రం వాటితోనే ఊదారు, ముందు వరుసలో మీ ఆయన. ఎవరూ నవ్వలేదు. నీకు చెప్పొద్దన్నాడు. రాత్రి ప్రార్థనకు తల కప్పుకున్నప్పుడు నీ మాటే గుర్తొచ్చింది. ఇంటికి రా.

మెర్సీ


ప్రియమైన మెర్సీ,

నా కోపం పోలేదు. మోకాళ్ళ మాట కమిటీ ముందు నీ నోటితోనే వెనక్కి తీసుకున్నాకే నీ గడప తొక్కుతాను. అడగకుండా నా పెట్టె తెరిచినందుకు ఆయన సంగతి వచ్చి చూస్తాను.

మా ఆయన పొట్టివాడు. ఆ పిల్లలకు మోకాళ్ళు పూర్తిగా కప్పాయా? కొలతలు పంపు.

నీ ఖాతూన్