కోల్, జాయిస్ – చానెల్ 18

పోర్ట్ అగస్టా
మార్చి 9

ప్రియమైన రేలీన్ అక్కకి,

ఫోను చెయ్యకుండా ఉత్తరం రాస్తోందేమిటని అనుకోకు. ఫోనులో నీకు సరిగ్గా వినపడదు, నీకు వినపడేలా అరిస్తే నెవిల్‌కి కూడా వినపడుతుంది. కారు వెనక తగిలించుకున్న ఏడు మీటర్ల డబ్బా ఇంట్లో మొగుడి మీద చాడీలు చెప్పుకోవడానికి ఒక మూలంటూ ఉండదు. అందుకని ఇలాంటి క్యారవాన్లు దిగే పార్కులో బట్టలు ఉతుక్కునే గదికి వచ్చి, తిరిగే మిషను మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే తప్పు నాది కాదు.

ముందు నా పేరు మారిన సంగతి చెప్పాలి. మేం కొన్న క్యారవాన్ వెనకాల పాతవాళ్ళ పేర్లు, దారిలో బండ్లవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకునే రేడియోలో వాళ్ళ చానెల్ నంబరు పెద్ద అక్షరాలతో ఉన్నాయి, అందరి బండ్ల మీదా ఉన్నట్టే. "కోల్, జాయిస్ – చానెల్ 18". బయల్దేరే ముందు గీకెయ్యమని నాలుగుసార్లు చెప్పాను. రంగు దెబ్బతింటుందన్నాడు నీ మరిది. ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ రేడియోలో "ఏం కోల్, ఎటు ప్రయాణం?" అని అడగడం, ఈయన సిగ్గు లేకుండా కోల్ లాగే జవాబు చెప్పడం. స్నానాల గదుల దగ్గర ఆడవాళ్ళు నన్ను జాయిస్ అంటున్నారు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. ఇప్పుడు ఓపిక లేక పలుకుతున్నాను.

ఆ కోల్ అనే ఆయన్ని మేం ఎప్పుడూ చూడలేదు. కారు, క్యారవాన్ రెండూ కలిపి బ్రోకరు దగ్గర కొన్నాం కదా. కానీ నా కాపురంలో ఇప్పుడు ఆయనదే పెత్తనం. వంట అల్మారా తలుపు లోపల, బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని మీద నల్ల ఇంకుతో రాసిన సూచనలు అంటించి ఉన్నాయి. క్యారవాన్ తగిలించడం దగ్గర్నుంచి వెనక్కి నడపడం దాకా అన్నీ ఉన్నాయి. నెవిల్‌కి అది వేదం. నేనేదన్నా అంటే చాలు, "కోల్ ఏం రాశాడో చదువుకో" అంటాడు. "చూడు, ఎంత సూటిగా ఉందో. ఒక్క మాట ఎక్కువ లేదు. మగాడి రాతంటే అది" అని మురిసిపోతాడు. మురిసిపోవడమే తప్ప పాటించడం లేదు. కొండ ఎక్కేటప్పుడు గేరు నాలుగులో పట్టి ఉంచు, బండి ఇష్టానికి వదిలితే పైకీ కిందికీ మార్చుకుంటూ గేరు నూనె కాగిపోతుంది అని అందులోనే ఉంది. ఈయన వదిలేస్తాడు. నూనె వేడెక్కి ఎర్ర దీపం వెలుగుతుంది. అప్పుడు రోడ్డు పక్కన ఆపి, ఆటోమేటిక్ బండ్లు చేతకానివాళ్ళ కోసం చేసినవని తిడతాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

నేను ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపాను కదక్కా. అది కూడా ఈ కారు లాగే డీజిలు, ఆటోమేటిక్కు. గంటసేపు నేను నడుపుతానంటే, "నీ బస్సుకి తోక లేదు, గ్లెన్. ఇది మూడు టన్నుల తోక" అన్నాడు. ఆ మూడు టన్నులకీ నా రేగుపండ్ల జాం సీసాలే కారణమని వారం రోజులు సాధించాడు. దారిలో కాటా మీద తూయిస్తే ఆయన పనిముట్ల పెట్టె ఒక్కటే జాం సీసాలకి మూడింతలుంది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను, కంగారు పడకు. నిన్న విల్మింగ్టన్ దాటాక ఘాట్ రోడ్డు దిగుతున్నాం. ముప్ఫయ్యొక్క ఏళ్ళు పాల ట్యాంకరు నడిపిన మనిషి కదా, ఆయన ఎడమ కాలికి క్లచ్ లేని బండి ఇంకా ఒంటబట్టలేదు. మలుపు దగ్గర గేరు తగ్గించాలనుకుని, అలవాటు చొప్పున ఎడమ కాలితో క్లచ్ అనుకుని ఒక్క తొక్కు తొక్కాడు. అక్కడున్నది వెడల్పాటి బ్రేకు. కారు బిగుసుకుపోయింది. వెనక క్యారవాన్ అటూ ఇటూ ఊగి మమ్మల్ని కొండ అంచువైపు తోసింది. పక్క కిటికీలోంచి నాకు రోడ్డు కనపడలేదు, లోయ కనపడింది. క్యారవాన్ ఊగితే దాని బ్రేకు మాత్రమే పట్టు అని అట్ట మీద కోల్ రాసిన ముక్క గుర్తొచ్చి నేనే చెయ్యి చాపి, స్టీరింగు పక్కనున్న క్యారవాన్ బ్రేకు మీట ఒక్కటే నొక్కి పట్టుకున్నాను. బండి వరసలోకి వచ్చింది.

కిందికి దిగాక నెవిల్ ఏమన్నాడో తెలుసా? "గాలి ఎక్కువగా ఉంది" అన్నాడు. ఆకు కూడా కదలడం లేదక్కా.

మా పిల్లికి రోజూ మందు వెయ్యడం మర్చిపోకు.

నీ చెల్లెలు
గ్లెనిస్ (లోకానికి జాయిస్)


సెడూనా
మార్చి 12

రేలీన్ అక్కా,

ఈ ఉత్తరం చదివి వెంటనే చింపెయ్యి. నేను వచ్చేస్తున్నాను. శనివారం పొద్దున ఇక్కణ్ణుంచి అడిలైడ్ బస్సు ఉంది, టిక్కెట్టు తీసుకున్నాను. అక్కణ్ణుంచి రైల్లో వస్తాను. వెనక గదిలో నీ కుట్టుమిషను కొంచెం జరిపి పక్క వెయ్యి. ఎన్నాళ్ళుంటానో నాకే తెలియదు. నెవిల్‌కి ఇంకా చెప్పలేదు.

ఘాట్ రోడ్డు మూలంగా అనుకుంటున్నావేమో. కాదు. భయం రెండు రోజుల్లో పోయేది. నిన్న సాయంత్రం జరిగింది మాత్రం పోయేలా లేదు.

క్యారవాన్‌ని వెనక్కి నడిపి దాని చోట్లో పెట్టడమంటే ఈ పార్కుల్లో అందరికీ ఉచిత వినోదం. కొత్త బండి రాగానే కుర్చీలు, బీరు డబ్బాలు పట్టుకుని వచ్చి వరసగా కూర్చుంటారు. నేను వెనక నిలబడి చేతులు ఊపాను. నేను ఎడమ అంటే ఆయన కుడికి తిప్పాడు. నాలుగోసారికి క్యారవాన్ నీళ్ళ కుళాయిని గుద్దింది. కుర్చీల్లోవాళ్ళు చప్పట్లు కొట్టారు. అందులో ఒకాయన, మీ ఆవిడ కూడా నడుపుతుందా అని అడిగాడు. నెవిల్ నవ్వుతూ అన్నాడు: "ఆవిడా? ముందు సీటు తేలిపోకుండా బరువుకి తెచ్చుకున్నాలే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అదే నాకు కంపరంగా ఉంది. నలభై మూడేళ్ళ కాపురం. ఈ ప్రయాణం కోసం పటాలు కొన్నది నేను, టైర్లలో గాలి ఎంతుండాలో నేర్చుకున్నది నేను. మొన్న చెయ్యి చాపి ఇద్దరి ప్రాణాలూ కాపాడింది నేను. దాని గురించి ఆయన ఇప్పటిదాకా ఒక్క మాట అనలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషని పెళ్ళినాడే తెలుసు, సర్దుకున్నాను. కానీ నేను బరువునా అక్కా? నాకు చాలా బాధగా ఉంది. రాత్రంతా ఆయన పక్కనే పడుకుని గురక వింటూ, ఈయన కోల్ అయిపోయాడు, నేను ఎవరో జాయిస్‌ని అయిపోయాను, ఇక నెవిల్, గ్లెనిస్ ఎక్కడున్నారా అనుకున్నాను.

స్టేషనుకి నువ్వు రానక్కర్లేదు, నీ మోకాళ్ళు మంచివి కావు. నేనే వస్తాను.

గ్లెన్


నార్స్‌మన్
మార్చి 19

రేలీన్ అక్కా,

పక్క వేసి ఎదురుచూసి తిట్టుకుని ఉంటావు. దారిలో ఫోను కలిసేసరికి ఆదివారం అయింది, రానని ఒక్క ముక్క చెప్పాను, నీకు వినపడిందో లేదో. ఇప్పుడు అంతా రాస్తాను.

శనివారం పొద్దున సంచీ సర్ది మంచం కింద పెట్టాను. టీ తాగాక చెప్పేద్దామనుకుంటున్నాను. ఇంతలో పక్క వరసలోంచి ఒక పెద్దావిడ చేతులు చాచుకుని, "జాయిస్! ఏమే, కళ్ళు బాగయ్యాయా?" అంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయింది. ఆవిడ పేరు థెల్మా. పదేళ్ళపాటు ఏటా శీతాకాలంలో కోల్, జాయిస్‌లతో కలిసి తిరిగిందట. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. నెవిల్ మహా సంబరపడిపోయి, మీ కోల్ సామాన్యుడు కాదండీ, ఆయన రాతే మాకు దారి చూపిస్తోంది అని అల్మారా తలుపు తెరిచి చూపించాడు.

థెల్మా అట్ట చూసింది, నెవిల్‌ని చూసింది. "ఇది జాయిస్ రాత కదయ్యా. కోల్‌కి సైకిలు కూడా వెనక్కి తిప్పడం రాదు. పదేళ్ళూ బండి లాగింది జాయిసే" అంది.

నేను నెవిల్ వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుంది, లేకపోతే ఏడుపొస్తుంది, ఏదొస్తుందో తెలియలేదు.

థెల్మా అక్కడితో ఊరుకోలేదు. జాయిస్‌కి ఫోను కలిపి, మాటలు అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది. ముసలి గొంతే కానీ గట్టి గొంతు. కళ్ళు మసకబారుతున్నాయని తెలిశాక, మొగుడికి నేర్పుదామని ఆ అట్ట రాసిందట. ఆయన వల్ల కాలేదట. చూపు పూర్తిగా పోయాక బండి అమ్మేశారు. చివర్లో, తను పాల ట్యాంకరు నడిపానని నెవిల్ చెబితే ఆవిడ అడిగింది: "ఆఖరి లైను చదివావా, నాయనా? ఎడమ కాలు సీటు కిందికి ముడుచుకో అని రాశాను. మా ఆయన కూడా లారీ మనిషే. ఆ కాలే మమ్మల్ని ఒకసారి కాలవలోకి దింపింది."

"చదివానండి. నాకు కాదనుకున్నాను" అన్నాడు నెవిల్.

థెల్మా వెళ్ళిపోయింది. మంచం కింద సంచీ నెవిల్ కంటపడనే పడింది. ఎక్కడికని అడగలేదు. "ఘాట్ రోడ్డు దగ్గర్నుంచి నాకు భయంగా ఉంది, గ్లెన్. రోజూ పొద్దున స్టీరింగు ముట్టుకోబుద్ధి కావడం లేదు. గాలి లేదని నాకూ తెలుసు" అన్నాడు.

మరి స్టీరింగు నాకెందుకు ఇవ్వలేదు, అని అడిగాను.

"ఇచ్చేస్తే ఇక నేను దేనికి? బరువుకేగా."

ఆ మాట ఆయన నోటినుంచే వచ్చిందక్కా. తను ఏమన్నాడో అప్పుడు గుర్తొచ్చి ముఖం కందిపోయింది. క్షమించమన్నాడు. నేను వెంటనే క్షమించలేదు, అంత మంచిదాన్ని కాదు. "తాళం ఇటివ్వు" అన్నాను. ఇచ్చాడు. మేం పార్కు గేటు దాటుతుంటే నేను ఎక్కాల్సిన అడిలైడ్ బస్సు ఎదురుగా వస్తోంది. చూసి కూడా నేను ఆగలేదు.

నాలుగు రోజులు నేనే నడిపాను. పన్నెండు వందల కిలోమీటర్లు. నెవిల్ మారిపోయాడనుకోకు. అద్దాలు చూడు, అంచు చూడు, కంగారూ చూడు అని నోరు ఆగదు. ఒకచోట ఆపి, నోరు మూసుకోకపోతే వెనక క్యారవాన్‌లో కూర్చోబెడతానన్నాను. అది చట్టప్రకారం నేరమన్నాడు.

మదూరా దగ్గర రోడ్డు నిటారుగా కొండెక్కుతుంది. మొదలవకముందే నాలుగో గేరులో పెట్టి పట్టుకున్నాను. ఇంజను ఒకే శ్రుతిలో లాగింది. నూనె వేడి ముల్లు సగం దాటలేదు. నెవిల్ ఆ ముల్లుని చూస్తున్నాడు, నన్ను చూస్తున్నాడు. అప్పుడే వెనక నుంచి మూడు ట్రెయిలర్ల లారీ ఒకటి దగ్గరికొచ్చి, డ్రైవరు మా వెనక ఉన్న నంబరు చూసి రేడియోలో పిలిచాడు. "కోల్, కొండ మీదికి రాగానే నిన్ను దాటుతాను, వేగం పెంచకు."

నెవిల్ మైకు తీశాడు. "కోల్ ఇందులో లేడు. డ్రైవరుకి ఇస్తున్నా ఉండు" అన్నాడు.

"ఓ, జాయిస్, నువ్వా తల్లీ."

"జాయిస్ కూడా కాదయ్యా" అన్నాడు నెవిల్. "గ్లెనిస్. మా ఆవిడ. ఇరవై రెండేళ్ళు బస్సు నడిపింది." అని, మైకు నా నోటి దగ్గర పట్టుకున్నాడు. దాటి రమ్మని చెప్పాను.

నీ కుట్టుమిషను యథాస్థానంలో పెట్టుకో.

ప్రేమతో
గ్లెనిస్

తా.క.: నెవిల్ పక్క సీట్లో కూర్చుని మలుపు వచ్చినప్పుడల్లా ఇంకా బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. ఎడమ కాలితోనే. తొక్కుకోనీ, అక్కడ ఏమీ లేదు.