కరెంటు ఉన్నంతసేపు

మార్చి 14, మంగళవారం

వదినగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నాను. మీరంతా కులాసా అని తలుస్తాను. మేమూ కులాసా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీ తమ్ముడికి పక్షవాతం వచ్చి ఏడు నెలలు నిండాయి. మాట కొంచెం కొంచెంగా తిరుగుతోంది. కుడికాలే మొండికేసింది. పదమూడంతస్తుల మేడల్లో లిఫ్టులు బాగుచేసిన మనిషి, మంచం నుంచి స్నానాలగదికి నా భుజం పట్టుకుని కాలు ఈడ్చుకుంటూ వస్తున్నారు. పోయినవారం చేతికర్ర గోడకేసి కొట్టారు. కాసేపాగి, తీసివ్వమని నన్నే అడిగారు.

ఆసుపత్రిలో కొత్త వైద్యం పరీక్షిస్తున్నారంటే చేర్పించాను. కోత లేదు, సూది లేదు. వెన్నెముక వెంట వీపుమీద జిగురు బిళ్లలు అంటించి, చిన్న పెట్టెలోంచి సన్నగా కరెంటు పంపుతూ, కదిలే బెల్టు మీద నడిపిస్తారు. చీమలు పాకినట్టుంటుందట. మొదటిరోజు కరెంటు పెట్టగానే మోకాలు లేచింది వదినా. నేలకి రాసుకుపోయే బొటనవేలు పైకి లేచింది. నేను బయటికెళ్లి గోడ పట్టుకుని ఏడ్చాను.

కరెంటు తీసేస్తే మళ్లీ మొద్దే. నాలుగు వారాలయ్యాక, తీసేసినా తొమ్మిదడుగులు వేశారు. నిన్న ఆరే. శుక్రవారంతో మా వంతు అయిపోతుంది, పెట్టె ఇంకో రోగికి వెళ్తుంది. ఇంకొక్క వారం ఇవ్వమని డాక్టరుగారి గది బయట రెండు గంటలు నిలబడ్డాను. ఆయన కసురుకోలేదు. వచ్చిన అడుగులు కొందరికి నిలుస్తాయమ్మా, కొందరికి నిలవవు, మాటివ్వలేను అన్నారు. ఇంట్లో రోజూ నడిపించాలని, ఇద్దరు పట్టుకోవాలని ఫిజియో అమ్మాయి చెప్పింది. ఉన్నది నేనొక్కదాన్నే. మొన్న ఇద్దరం కలిసి పడ్డాం. కింద పడి ఉండే, లిఫ్టు మధ్యలో ఆగిందే అన్నారు మీ తమ్ముడు. నవ్వాను. ఆ తర్వాత ఆయన్ని లేపలేక పక్కనే కూర్చుండిపోయాను.

మీరొచ్చి ఒక్క నెల ఉండండి. ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యమైందని మీకు నామీద కోపం. ఆ కోపంతోనే రండి. రెండోవైపు పట్టుకునే మనిషి కావాలి.

మీ మరదలు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఆ రోజు ఆయనకి పక్షవాతం నిద్రలోనే వచ్చిందని మీ అందరికీ చెప్పాను. అబద్ధం. పొద్దున ఏడింటికే చెయ్యి బరువుగా ఉందే అన్నారు. మాట ముద్దగా వచ్చింది. పని ఎగ్గొట్టే వేషాలనుకుని, పడుకోమని విసుక్కుని, లాండ్రీలో నా ఇస్త్రీ పనికి వెళ్లిపోయాను. రెండింటికి వచ్చేసరికి నేలమీద ఉన్నారు. నిన్న డాక్టరుగారు కాగితాలు తిరగేస్తూ, ఎప్పుడు మొదలైందని మీ తమ్ముణ్ణే అడిగారు. ఆయన మాట కూడదీసుకుని, నావైపు చూసి, నిద్దట్లో అన్నారు. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. అదే నేను మోయలేకపోతున్నాను. ఇది చదివాక నా ముఖం చూడబుద్ధి కాకపోతే చూడొద్దు వదినా, ఆయన కోసం రండి.