మా నొక్కుడు ఫోను వాటాల సంగతి

ఇరవై మూడేళ్ల వయసూ, మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా, జ్ఞానదంతం ఇంకా మొలవని నోరూ కలిగి, రేపు ఉదయం మొట్టమొదటిసారి సొంతంగా టవర్ క్రేన్ నడపబోతున్న నేను, మా అమ్మానాన్నల ఏకైక కుమారుణ్ణి, మా అక్కకు తప్పించుకోలేని తమ్ముణ్ణి, ఒంట్లో ఆరోగ్యంగానూ బుర్రలో స్థిమితంగానూ ఉండి (రెండోదానికి మా బావ అభ్యంతరం తెలిపియున్నారు), ఎవరి బలవంతమూ లేకుండా, కేవలం సంతోషం పట్టలేక, ప్లీడరుచేత రాయించుకోకుండా నేనే రాసుకున్న వీలునామా ఇది.

చచ్చిపోవాలన్న తొందర నాకేమీ లేదు. "క్రేన్ ఎక్కేవాడు వీలునామా రాసి మరీ ఎక్కాలిరా" అని భోజనాల దగ్గర బాబాయి అన్నాడు. ఎగతాళికే అన్నాడు. కానీ పెద్దల మాట జవదాటని వంశం మాది.

1. ఆస్తి వివరం. స్థిరాస్తి: సున్న. చరాస్తి: నాన్న ఇచ్చిన నొక్కుడు ఫోను. జంట ఫోన్లలో ఒకటి క్రేన్ గదిలోనే ఉంటుంది, కింద నిలబడి దారి చెప్పే మా బావ చేతిలో ఉండేది ఇది. నాన్న మోకాళ్లు నిచ్చెనకు రాజీనామా ఇచ్చిన రోజున దీన్ని నాకప్పగించి, "దీనికి బుద్ధుంది, చూసి నేర్చుకో" అన్నారు. ఇటుక ముక్కంత బరువు, చుట్టూ మందపాటి రబ్బరు తొడుగు, బొటనవేలంత యాంటెన్నా, ఎడమ పక్క నారింజరంగు బటన్. నొక్కి పట్టుకుంటే మన మాట వెళ్తుంది, వదిలితే అవతలివాళ్లది వస్తుంది. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు నోరు మూసుకోక తప్పదు. మా ఇంట్లో ఇంత మర్యాద తెలిసిన ప్రాణి మరొకటి లేదు.

ఒక్క ఫోనే కనుక, భాగాలుగా పంచుతున్నాను.

2. ఫోను నెత్తి మీదున్న టార్చి అమ్మకు. "ఇంత చదివించింది నిచ్చెనలెక్కడానికా?" అని ఆమె నెల్లాళ్లుగా గిన్నెలతో మొరపెట్టుకుంటోంది. అమ్మా, సాయంత్రం చీకటిపడే వేళ మేడ మీద నుంచి ఒకసారి వెలిగించు, నాకు పైనుంచి కనిపిస్తుంది. తిన్నావా అని అడుగుతున్నావని అర్థం చేసుకుంటాను. తిన్నాను. ఈ వాటా నేను బతికుండగానే అమల్లోకి వస్తుంది.

3. ముందువైపు చిల్లుల వెనకున్న స్పీకరు బాబాయికి. కాంక్రీటు మిక్సరు పక్కన నిలబడినా ఖణేల్‌మని వినిపించే సరుకది. ఆయనకు నిజానికి అక్కర్లేదు, ఫోను లేకుండానే వీధి చివరిదాకా వినిపిస్తాడు. అయితే గొంతు తగ్గించే బటన్ కూడా ఈ వాటాతోనే వస్తుందని సవినయంగా మనవి.

కెమెరా ఎవరికీ ఇవ్వడం లేదు. అందులో తీసిన ఫొటోలో అక్కా, సిమెంటు బస్తా ఒకేలా ఉన్నాయి. ఏది ఏదో చెప్పినవాడికి ఇంట్లో అన్నం పుట్టదు.

4. నడుముకు తగిలించుకునే క్లిప్పు అక్కకు. చరిత్ర దీనిదే కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. ఇది వదులైపోయి, ఒకరోజు బావ ఫోనును వెనకజేబులో పెట్టుకుని ఇనుప కడ్డీల కట్ట మీద కూలబడ్డాడు. నారింజ బటన్ ఆయన బరువుకు నొక్కుకుపోయింది. ఆ సమయంలో ఆయన, ముందురోజు అలిగిన అక్కకు క్షమాపణ ఎలా చెప్పాలో సాధన చేస్తున్నాడు. "బంగారం, తప్పు నాదే. ఊహూ. బంగారం, తప్పంతా నాదే. ఆఁ, ఇది బావుంది." క్రేన్ గదిలో నాన్న విన్నారు, ఆయన పక్కన పని నేర్చుకుంటున్న నేను విన్నాను, నొక్కుడు ఫోనున్న ప్రతి మేస్త్రీ విన్నాడు. బటన్ నొక్కుకుపోయి ఉంది కనుక ఆయనకు చెప్పే దారి ఎవరికీ లేదు!

ఆ పైన వారం రోజులు నేను దాన్ని అనుకరించిన మాట వాస్తవం. అనుకరించింది నేనొక్కణ్ణే కాదు, బాగా అనుకరించింది నేనొక్కణ్ణే.

అప్పట్నుంచీ బావ ఒకటే మాట. "వీడు పైనుంటే నేను కింద నిలబడను. నెత్తిన టన్నుల బరువు వేలాడుతుంటే వీడికి జోకు తన్నుకొస్తే?"

5. నారింజ బటన్, దానితోపాటు మిగిలిన ఫోను యావత్తూ బావకు. కారణం రాస్తాను. భవనం వెనకవైపు క్రేన్ గదిలోంచి కనిపించదు. బరువు అటు వెళ్లిందంటే ఆపరేటరు గుడ్డివాడే. కింద ఉన్నవాడు బటన్ వదలకుండా "దించు, దించు, దించు" అంటూనే ఉండాలి. మాట ఆగితే చెయ్యి ఆగాలి. ఇన్నేళ్లూ నాన్నకు అక్కడ కళ్లు బావ గొంతే. అంత అనుభవమున్న మనిషి కింద లేకపోతే కొత్తవాడికి తాళంచెవి ఇవ్వనని సైటు ఇంజనీరు తేల్చి చెప్పారు. రేపు పొద్దున బావ రాకపోతే నేను ఎక్కను. అంతే సంగతులు.

బావా, నా జోకులన్నీ నేల మీదే దింపి ఎక్కుతాను. పైన నా నోట రెండే మాటలు: "విన్నాను", "ఆపాను". నీ గొంతు వస్తున్నంతసేపు నా వేలు బటన్ దరిదాపులకు రాదు. నా జీవితంలో నేను నోరు మూసుకుంటానని రాసిచ్చిన ఏకైక దస్తావేజు ఇదే, జాగ్రత్తగా దాచుకో.

6. వాటా పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదు, పెడితే వాళ్ల వాటా రద్దు. లా చదివిన మా హాస్టల్ రూమ్మేట్ ఉవాచ. అందుకే ఇందులో ఏ వాటా లేని నాన్నను ఒక సాక్షిగా పెట్టుకున్నాను. రెండో సాక్షి పక్కింటి దర్జీ. బావ చదవడం అయ్యాక ఈ కాగితం సంతకానికి దర్జీ దగ్గరికి వెళ్తుంది.

తేదీ: క్రేన్ ఎక్కే ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం.

సంతకం: పైన చెప్పిన నేనే, ఉత్సాహం వల్ల అక్షరాలు కాస్త ఎగిరాయి.

మొదటి సాక్షి: నాన్న, విశ్రాంత క్రేన్ ఆపరేటరు. నవ్వు ఆపుకుని సంతకం చేశారు.

రెండో సాక్షి: "పక్కింటి దర్జీ" అన్నది కొట్టివేయబడినది. దాని మీద బావ సంతకం, పక్కనే ఆయన దస్తూరీలో:

"నువ్వు పోయాక వచ్చే వాటా నాకొద్దు. ఫోను చార్జింగులో పెట్టి పడుకో. పొద్దున నేను పట్టుకుంటా."