చప్పుడులో చూసిన మాట

మాసి నెల 12, సోమవారం
సమన్లు వచ్చాయి. మిల్లులో నాతో పనిచేసిన నాగమణి కేసులో నేను మూడో సాక్షిని. వచ్చే మంగళవారం కోర్టు.
ముద్దాయి రంగమామ. అమ్మ సొంత తమ్ముడు, మా మేస్త్రీ. ఈ తమిళ ఊళ్లో నాకు మిల్లులో పని ఇప్పించిందీ ఆయనే.

మాసి 14
నాగమణిని చూసి వచ్చాను. కుడిచేతికి మూడు వేళ్లు లేవు. ఎడమచేత్తో కాఫీ కలిపి ఇచ్చింది, నేను చూడనట్టు కూర్చున్నాను.
"నువ్వు చూసింది దా, చూసిందే చెప్పక్కా. ఎక్కువొద్దు."
తిరిగే మెషిన్లో తనే చెయ్యి పెట్టిందట — మిల్లువాళ్ల మాట. అబద్ధం. నాగమణి మెషిన్ ఆపబోయింది. మామ "ఆపొద్దు, అట్లనే తుడువు" అన్నాడు.
అన్నది చూశాను, వినలేదు. ఆ మెషిన్ల చప్పుడులో పిడుగు పడ్డా వినిపించదు. అక్కడ మేమంతా పెదవులు చూసే మాట్లాడుకుంటాం... కబుర్లు, తిట్లు, పెళ్లి సంబంధాలు కూడా.

మాసి 15
మామ పెళ్లాం వచ్చింది. గుమ్మంలో కూర్చుని ఏడ్చి వెళ్లింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మాసి 19
ప్రాసిక్యూటర్ పాఠం చెప్పాడు. అడిగినదానికే జవాబు. తెలియనిది తెలియదనాలి. అవతలి వకీలు రెచ్చగొడతాడు, రెచ్చిపోకూడదు.
పోలీసులు రాసుకున్నది చదివి వినిపించాడు. "మేస్త్రీ చెప్పగా విన్నాను" అని ఉంది! నేనలా చెప్పలేదే.

మాసి 20, మంగళవారం
పొద్దుటి నుంచి వరండాలోనే. సాక్షి లోపలికి పోయి మిగతావాళ్ల మాట వినకూడదట. బంట్రోతు మూడుసార్లు నా పేరు అరిచాడు. ప్రమాణం చేశాను. బోను కొయ్య గట్టిగా పట్టుకున్నాను.
ప్రాసిక్యూటర్ — "ఆపొద్దన్నది మేస్త్రీయే కదా?"
మామ వకీలు లేచాడు. "అబ్జెక్షన్! జవాబు ఆయనే అందిస్తున్నాడు."
మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. "ఏం జరిగిందో ఆమెనే చెప్పనివ్వండి."
చెప్పాను. తర్వాత మామ వకీలు క్రాస్ ప్రశ్నలు.
"పోలీసులకు విన్నానన్నావు. ఇక్కడ చూశానంటున్నావు. ఏది పొయ్యి?"
పొయ్యి అంటే అబద్ధం; ఏది అబద్ధమని తమిళంలో అడిగాడు. కోర్టంతా నవ్వింది. ఒళ్లు మండింది. "సామీ, మిల్లులో ఎవురికీ చెవులుండవు. కండ్లు దా."
మేజిస్ట్రేటు నవ్వలేదు. వచ్చే వారం గురువారానికి వాయిదా. ఆ రోజు కోర్టు గుమస్తా దూరంగా నిలబడి పెదవులు కదుపుతాడట, నేను చదివి చెప్పాలట. వకీలు మళ్లీ అబ్జెక్షన్ అన్నాడు. కొట్టేశారు.

మాసి 22
మిల్లులో నేను పక్క నుంచి పోతే అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు.

మాసి 28, బుధవారం
పోయిన వారం మంగళవారం కోర్టులో జరిగినది ఒకటి రాయలేదు. రాయడానికి భయం వేసింది.
నన్ను దిగమన్నప్పుడు ఎదుటి బోనులో మామ పెదవులు కదిలాయి. మేజిస్ట్రేటు, వకీళ్లు, పోలీసులు అందరూ అక్కడే. ఒక్కరికీ తెలియలేదు.
"గురువారం తెలీలేదని చెప్పు, కన్నూ. నీ కాళ్లు పట్టుకుంటా."
ఒక్క అక్షరం తప్పిపోలేదు. నాకు తెలుస్తుందని ఆయనకూ తెలుసు.
మామ ఇలా అడిగాడని రేపు చెప్పేస్తే ఏ పరీక్షా అక్కర్లేదు. పరీక్షలో తెలీలేదంటే మామ విడుదలై ఇంటికొస్తాడు. అంతే... ఒక్క మాట. నాకు ఏడుపొస్తోంది.
నాగమణి పొద్దున్నే వస్తానంది, కోర్టుకు తోడుగా. సరేనన్నాను.