చెరిపేసిన జవాబు

శనివారం, రాత్రి

ఇంట్లోనే చదువుకునే పిల్లలకు కర్నూల్లో ఒక సారు సైన్స్ క్లాసు పెడతాండాడంటే ఈ పొద్దు మా పాప హరితను తీసుకుని పోయినా. అమ్మానాయనలు కూడా పిల్లల పక్కన కూర్చుని ప్రయోగాలు చేయాల.

సారు బకెట్ నీళ్లలో కమలాపండు వేస్తే తేలింది. "తొక్క తీసి వేస్తే ఏమైతాది? ముందు పుస్తకంలో రాయండి," అన్నాడు. హరిత రాస్తానే ఉంది, నేను ఆగలేక, "బరువు తగ్గుతాది గదా, ఇంకా బాగా తేలుతాది," అన్నా. తీరా వేస్తే పండు బుడుంగున మునిగింది. తొక్కలో గాలి ఉంటాదంట. అందరూ నవ్వినారు, నేనూ నవ్వినా.

ఇంటికొస్తా ఆటోలో హరిత మెల్లగా చెప్పింది. "నేను మునుగుతాదనే రాసినా మా. నువ్వు తేలుతాదంటివి గదా, చెరిపేసినా."

"ఎందుకు చెరిపినావే?"

"నీకు తెలిసుంటాది అనుకున్నా."

బడిలో మేడమ్‌కు భయపడి నోరే తెరవడం లేదని కదా, మా ఆయనతో కొట్లాడి మరీ నేను దాన్ని బడి మాన్పించింది. నేను దాని మీద ఒక్కనాడూ గట్టిగా అరవలేదు. అయినా...

"జూన్‌లో మళ్లీ బడికి పంపుదామా?" అని అన్నం తినేటప్పుడు ఆయన అడిగినాడు.

పాప నిద్రపోయినాక దాని నోటుబుక్కు తీసి చూసినా. శానా పేజీల్లో రబ్బరుతో చెరిపిన గుర్తులు ఉండాయి. వాటిలో నిజంగా తప్పులెన్నో, నా మాట విని చెరుపుకున్నవి ఎన్నో. పొద్దున లేస్తానే అడగాలనుంది. అడిగితే, నాకు ఏది ఇష్టమో అదే చెప్తాదేమో.