పేపర్లో కన్నం

ఏవండీ,

కూర స్టవ్ మీదే ఉంది, వేడి చేసుకుని తినండి. పదకొండింటికి ప్లంబర్ వస్తాడు, బెల్లు కొడితే వినిపించుకోండి.

ఇవాళ్టి పేపర్ మధ్య పేజీలో కన్నం ఉంటుంది. ఎలుక పని కాదు, నా పనే. ఈ ఏడాది రాబోయే సైన్స్ ఫిక్షన్ నవలలంటూ పన్నెండు పేర్లు వేశారు. మీది లేదు. పొద్దున్నే చూసి మొహం వేలాడేసుకుంటారని కత్తిరించేశాను. తర్వాత నాకే సిగ్గేసింది, దాచడానికి మీరేమన్నా చిన్నపిల్లాడా. ఆ ముక్క మీ కళ్లజోడు పెట్టె కింద ఉంది.

అయినా సగంలో ఆపేసి బీరువా ఎక్కించిన నవలని ఎవరు మాత్రం వేస్తారు? ఎవరూ చదవరని మీకు మీరే తేల్చేసుకున్నారు. నన్నొక్క మాట అడిగారా? మొన్న నా సెలవు రోజున దించి మొత్తం చదివాను. వంట కూడా ఆలస్యమైంది, మీరు విసుక్కున్నారు కూడా.

అందుకే జాబితా అడుగున పదమూడోదిగా మీ నవల పేరు నా చేత్తో రాశాను. కాగితాలు మీ బల్ల మీద పెట్టాను. పెన్నులో ఇంకు పోశాను.

బస్సుకి టైమైంది, వెళ్తున్నాను.

అన్నట్టు, అంతరిక్ష నౌకలో ఒంటరిగా చిక్కుకున్న ఆ పిల్లకి రెండు రోజుల గాలే మిగిలిందని రాసి ఆపేశారు. ఎనిమిది నెలలైంది. వార్డులో ఆక్సిజన్ సిలిండర్ మార్చినప్పుడల్లా నాకు తనే గుర్తొస్తోంది. నేను డ్యూటీ దిగి వచ్చేలోపు ఆ పిల్లకి ఒక్క సిలిండరైనా పంపండి.